బుల్లెమ్మ మెడలో నాచుతాడు

ఒకటి

కొత్త జంతువు చేతికొచ్చిన మనిషి, అది మచ్చికయ్యేదాకా ఏ పూటకాపూట ఇలా రాసి పెట్టాలని మా మూడో మజిలీ కట్టడి. మజిలీ పెద్ద తవిటినాయుడు గారు చదువుతారట. చదవండి బాబూ, నాకేం దాపరికం లేదు. కడుపులో ఉన్నది కక్కేయకపోతే నాకు అన్నం సయించదు.

ఈ రోజు పొద్దున్న దాలమ్మ కంచర గాడిద నా చేతికొచ్చింది. చూశారా, రాయడంలోనే తప్పు దొర్లింది. ఇక మీదట అది దాలమ్మది కాదు, నాది. నా ముసలి కంచరం చలికాలంలో చచ్చిపోయిన దగ్గర్నుంచి మందుకుండలు తోముతూ ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నాను. దాలమ్మ తుంటి అరిగిపోయి జీను మీద కూర్చోలేకపోతోంది కాబట్టి గానీ, లేకపోతే మబ్బుగూడకి మందు మోసే దారి ఈ జన్మకి నాకు దొరికేది కాదు.

అప్పగింత బస్సు దగ్గర జరిగింది. ఫోన్లూ బళ్లూ అన్నీ చచ్చిపోయిన ఎండ తుఫాను నాడు ఘాటీలో ఆగిపోయిన బస్సే మాకు కొట్టం. సీట్లు పీకేసి గడ్డి పరిచాం. దాలమ్మ దాని మెడకి కొత్త నాచుతాడు కట్టింది. నారలో నాచు కలిపి పేనిన తాడు అది, జంతువు చెమట తాగి బతుకుతుంది. జంతువు బెదిరినా, బెంగపడినా పసుపు. మనసు కుదుటపడితే నీలం. కట్టేశాక కళ్లెం నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా కర్ర ఊతంతో కుంటుకుంటూ వెళ్లిపోయింది. అలా చూడకూడదన్నది కట్టడి.

ఇంకో కట్టడి కూడా ఉంది. నేను ఎక్కి కూర్చున్నప్పుడు తాడు నీలం తిరిగేదాకా పాత మనిషి గొంతు జంతువు చెవిన పడకూడదు. కంచరం చెవులెంత పెద్దవో అందరికీ తెలిసిందే. బస్సేమో మజిలీకి సరిగ్గా మధ్యలో ఉంది. కాబట్టి దాలమ్మ ఇక్కడ ఎక్కడున్నా నోరు విప్పడానికి వీల్లేదు. నిద్దట్లో కూడా మాట్లాడే మనిషి ఆవిడ.

"పోన్లే, మన చెవులకి కొన్నాళ్లు సెలవు" అన్నాను నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. దాలమ్మంటే ఇక్కడ అందరికీ ప్రాణం.

తాడు పచ్చగా, పసుపుముద్దలా ఉంది.

రెండు

దాలమ్మ పెట్టిన పేరు బుల్లెమ్మ. ఆ పేరుతో నేను పిలవను. నాగమణి అని పెట్టాను. పొద్దున్నుంచీ "నాగమణీ, నాగమణీ" అని గొంతు పోయేలా పిలిచాను. ఒక చెవి కూడా కదపలేదు. మా ఆయన గవరయ్య వంటింట్లోంచి గిన్నె కోసం బయటికొచ్చి, అలవాటు కొద్దీ "ఏటి బుల్లెమ్మా" అన్నాడు. మెడ తిప్పి ఆయన్ని చూసింది. ఆయన తల గోక్కుంటూ లోపలికి పోయాడు.

కట్టడి ప్రకారం పొద్దున్నే నా చేత్తో రాగిపిండి చోడిముద్ద తినిపించాలి. మధ్యలో బెల్లం పెట్టి మరీ తీసుకెళ్లాను. పెదాలతో ముద్ద విప్పి, బెల్లం తీసుకుని, పిండి నా కాళ్ల మీదకి ఉమ్మింది. నా చీర కొంగు కూడా ఒక మూల కొరికింది.

"మావా, ఇదేటి, నన్ను సూత్తే దీనికి ఏవగింపేటి?" అన్నాను వంటింటి వైపు తిరిగి.

"నిన్న వొచ్చినావు, ఇయ్యాల పేనం పెట్టీమంటే ఎలగే?" అన్నాడు గవరయ్య. "నానే నీకు అలవాటు పడ్డానికి మూడేళ్లు పట్టినాది."

గంజి కెలుకుతూ అంటాడు ఇలాంటివి, మొహం కనపడకుండా.

మూడు

మొదటిసారి ఎక్కాను. కింద పడేయలేదు, కొరకలేదు, తన్నలేదు. అందుకు సంతోషించాలని తవిటినాయుడు గారు చెప్పారు. నాకేం సంతోషం లేదు. ఎందుకో రాస్తాను.

చింతలొంపు దాకా నడిచి ఒక గుడిసె ముందు టక్కున ఆగింది. ఎంత అదిలించినా కదలదు. లోపల్నుంచి జోగమ్మ అనే ముసలావిడ చెంబుతో మజ్జిగ పట్టుకొచ్చింది. నన్ను చూసి, "ఓలమ్మ, దాలమ్మ కాదేటి" అని చెంబు సగం వెనక్కి లాక్కుంది. తర్వాత సిగ్గుపడి ఇచ్చింది, అది వేరే సంగతి. నేను మజ్జిగ తాగి, ఆవిడ మోకాళ్ల నొప్పుల సంగతి అడిగితే గానీ జంతువు అడుగు ముందుకి వేయలేదు.

అలాగే నీటి ఊట దగ్గర, అలాగే పడిపోయిన సెల్ టవరు దగ్గర. టవరు మీద పందిరేసి చిక్కుళ్లు పాకించిన పిల్లల తల్లి ఒకామె ఉంటుంది, ఆమెనీ పలకరించాలి. నేనెక్కింది కంచరం మీద కాదు, దాలమ్మ అలవాట్ల మీద. దారి పొడుగునా ఆవిడే నా ముందు కూర్చున్నట్టుంది. ఒళ్లు మండిపోయి తిరుగుదారిలో ఎక్కడా ఆగనివ్వలేదు. కొరడా చూపించి లాక్కొచ్చాను. తాడు నిమ్మపండులా మెరిసింది.

సాయంత్రం తవిటినాయుడు గారు పిలిపించి సంగతి విడమరిచి చెప్పారు. మబ్బుగూడలో జ్వరం మందు కుండలు నల్లబడిపోయాయి. పెరుగుకి తోడు ఉన్నట్టే మందుకీ తోడు ఉండాలి కదా, ఆ తోడే చచ్చిపోయింది. తొలకరి పడితే జ్వరాలు మొదలవుతాయి, దారి మూసుకుపోతుంది. ఆలోగా కొత్త తోడు తీసుకెళ్లాలి. కడుపుకి కట్టుకుని, ఒంటి వెచ్చదనంతో, కుదుపు లేకుండా. బెదిరిన జంతువు నడక కుదుపుతుంది. కుదిపితే తోడు విరిగిపోతుంది.

"వాన మబ్బు కనిపించీసరికి తాడు నీలం తిరగాల, ఎర్నమ్మా. లేదంటే కంచరాన్ని నాలుగో మజిలీ మనిషికి ఇచ్చీవలసొస్తాది" అన్నారాయన. "నీ మీద కోపం కాదు. మబ్బుగూడలో పిల్లలున్నారు."

"మరి నానేటి సెయ్యాల, బావు?"

"కుండలున్నాయి గదా."

మళ్లీ ఆ కుండలు, ఈసారి దాలమ్మ పక్కనే కూర్చుని. అంతకంటే లోయలో దూకడం మేలు.

నాలుగు

ఇది కోపంతో రాస్తున్నాను. అక్షరాలు అడ్డదిడ్డంగా ఉంటే మన్నించండి.

మొన్న సాయంత్రం బావి దగ్గర్నుంచి నీళ్ల బొక్కెన మోసుకుంటూ బస్సు దగ్గరికి వెళ్లాను. మెట్టెక్కి లోపలికి చూస్తే తాడు నీలంగా ఉంది. ఎండాకాలపు తెల్లవారుజామున ఆకాశం ఉంటుందే, ఆ నీలం. కంచరం ఒక కాలు వదులుగా పెట్టి, చెవులు ముందుకి చాచి నిలబడి ఉంది. నేను చూస్తుండగానే తాడు అంచుల్నుంచి పచ్చబడుతూ మొత్తం పసుపైపోయింది.

ఎవరి కోసం ఆ నీలం? బస్సు గోడకి అవతల తొట్టి ఉంది. తొట్టి దగ్గర దాలమ్మ కుండలు తోముతోంది. నోరు మూసుకునే ఉంది, కాదనను. కానీ చేతికర్ర ఉంది కదా. రాయి మీద టక్కుమని కొడితే చాలదా? ఆవిడ ఒంటి వాసన గాలికి రాదా?

మర్నాడు కూడా అంతే. ఈ రోజు కూడా. నేను మెట్టెక్కేసరికి నీలం, నన్ను చూడగానే పసుపు. సొంత మొగుడు పరాయి ఆడదానితో నవ్వుతూ మాట్లాడి, నేను రాగానే మూతి ముడిచినట్టుంది. నిజం రాయాలంటే, అంతకంటే ఎక్కువ మండింది. గవరయ్య ఎవరితో నవ్వినా నేను అన్నం మానలేదు. ఈ మూడు రోజుల్నుంచి మానేశాను.

ఐదు

ఈ రోజు వలపన్నాను. పొద్దు వాలకముందే చప్పుడు చేయకుండా బస్సు టాపెక్కి గడ్డిమోపుల మధ్య పడుకున్నాను. పక్కనే పాత సోలారు పలకల మీద ఎండబెట్టిన మిరపకాయల ఘాటు ముక్కులోకి కొడుతున్నా తుమ్ము బిగబట్టాను. టాపుకి ఒక కన్నం ఉంది. అందులోంచి తాడు కనిపిస్తుంది.

దాలమ్మ వచ్చింది, కుండలు తోమింది, కర్ర ఊతంతో లేచింది, వెళ్లిపోయింది. తాడు పసుపు. పొద్దు గుంకింది. తాడు పసుపు. కంచరం తలుపు వైపే చూస్తూ నిలబడి ఉంది, గడ్డి ముట్టలేదు.

నాకు అర్థమైంది ఏమిటంటే, నేను పైన ఉన్నానని దాలమ్మ పసిగట్టేసింది. ఈ ఒక్క రోజు కర్ర చప్పుడు చేయకుండా జాగ్రత్తపడింది. ఇంతకాలం ఘాటీ ఎక్కి దిగిన మనిషి, ఆ మాత్రం తెలివి ఉండదా?

దిగి నేరుగా తవిటినాయుడు గారి దగ్గరికి పోయాను. దాలమ్మని అక్కడికే పిలిపించారు.

"దాలమ్మప్ప ఇక్కడున్నన్నాళ్లు అది నాది అవ్వదు బావు. అప్పనైనా పంపీండి, నన్నైనా పంపీండి" అన్నాను.

"నోరు కట్టుకుని ఎన్నాళ్లయినాదో ఎరుగుదువా, ఆవిడ?" అన్నారు నాయుడు గారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, కొంచెం పెంచారు. "మొన్న కాలు మీద కుండ పడితే కుయ్యిమన్లేదు. ఎవులి కోసం?"

"నా కోసమైతే కాదు."

దాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. తన గుండె మీద వేలు పెట్టి, తర్వాత లోయ వైపు చూపించింది. కింద రెండో మజిలీకి వెళ్లిపోతానని. నా వైపు చూసింది కూడా. ఆ చూపులో కోపం ఉంటుందని వెతికాను. ఉంటే నాకు హాయిగా ఉండేది.

చీకటి చిక్కబడకముందే, కిందికి తిరిగెళ్తున్న ఉప్పు బండిలో దిగిపోయింది. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా కంచరం చెవులు అటే ఉన్నాయి. ఈ రోజు నేను గెలిచాను. అన్నం ముందు కూర్చున్నాను గానీ రెండు ముద్దలకి మించి దిగలేదు.

ఆరు

ఇవాళ సాయంత్రం నీళ్లతో వెళ్లాను. తాడు నీలం.

దాలమ్మ కింది మజిలీలో ఉంది. కర్ర లేదు, వాసన లేదు. అయినా నీలం. నేను చూస్తుండగా మళ్లీ పసుపు. బొక్కెన నేలకేసి కొట్టి వంటింట్లోకి వెళ్లాను.

"మావా, ఎవులొత్తన్నారు దీని కాడికి? నువ్వేనా? రహస్యంగా బెల్లం పెడతన్నావేటి?"

గవరయ్య గరిటె పక్కన పెట్టాడు. ఆయన గరిటె పక్కన పెట్టాడంటే పెద్ద మాటే చెప్పబోతున్నాడని అర్థం.

"సెప్తే నా మీద పడవు గదా?"

"సెప్పు."

"ఈ కిటికీలోంచి నాకు తాడు కనబడతాది. రోజూ సూత్తన్నాను. నువ్వు బావి కాడ బొక్కెన ఎత్తుకుని నన్ను తిట్టుకుంటా బయల్దేరతావు గదా, అప్పుడు తిరుగుద్ది నీలం. నీ గొంతు ఇనీసరికి. నువ్వు మెట్టెక్కి దాన్ని సూసీసరికి మళ్లీ పసుపు."

"అబద్దం. మరి నాను టాపు మీద పొంచి సూసినప్పుడు తిరగలేదేటి?"

"ఆరోజు నువ్వు తిట్టుకుంటా రాలేదు గదే."

"మరి నన్ను సూసీసరికి పసుపెందుకు తిరగాల?" అన్నాను.

ఆయన గూట్లోంచి పాత సెల్‌ఫోను తీశాడు. ఎండ తుఫానుకి చచ్చిపోయిన ఫోను, గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలా వాడతాడు. "దాలమ్మప్ప గురించి తలుసుకో" అని దాన్ని నా మొహం ముందు పెట్టాడు. చూశాను. ఆ మొహం చూస్తే నాకే రెండడుగులు వెనక్కి వేయాలనిపించింది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నాను సెప్తే నమ్ముతావా, దాలమ్మప్ప నాకు లంచమిచ్చినాదంటావు" అన్నాడు. అంటాను. అనకుండా ఎలా ఉంటాను?

అయినా తేల్చుకోవాలి కదా. చీకటి పడలేదింకా. ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, నీలం కనబడితే తువ్వాలు ఊపమని చెప్పి, బావి దాకా వెనక్కి నడిచాను. ఖాళీ బొక్కెన ఎత్తుకున్నాను. తిట్లు రావడం లేదు. చివరికి, "ఆ పప్పులో ఉప్పెక్కడ ఏడిసినాది మావా" అని మొదలుపెట్టాను. రెండో మాట పూర్తికాకుండానే కిటికీలో తువ్వాలు ఊగింది.

మెట్టెక్కాను. నీలం. మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక కళ్లు మూసుకుని లోపలికి నడిచాను. గోడకి గుద్దుకోకుండా దాని మెడ నాకు తగిలింది. వెచ్చగా ఉంది. చాలాసేపు అలాగే నిలబడ్డాను. కళ్లు తెరిచేసరికి కూడా నీలమే.

"బుల్లెమ్మా" అన్నాను. నా కొంగు రెండో మూల కొరికింది.

అప్పుడు ఏడుపొచ్చింది. నాకు దొరికిందానికి కొంత, దాలమ్మని బండెక్కించినందుకు ఎక్కువ.

ఏడు

పడమటి వైపు వానమబ్బు కనిపించిన పూటే బయల్దేరాను. జీనెక్కి కూర్చోగానే తవిటినాయుడు గారు వంగి తాడు చూశారు. నీలం. తోడు కుండ నా కడుపుకి ఆయనే కట్టారు.

ఈసారి అది ఆగిన చోటల్లా ఆగనిచ్చాను. జోగమ్మ మజ్జిగిచ్చింది. టవరు దగ్గర పిల్లల తల్లికి చిక్కుళ్లు ఎలా కాశాయో అడిగాను. ఊట దగ్గర ఎవరూ లేకపోతే, "నాను దాలమ్మని కాను, అయినా బాగున్నారా" అని నీళ్లనే పలకరించాను. బుల్లెమ్మ నడక నిండుబిందె నెత్తిన పెట్టుకున్న మనిషి నడకలా మెత్తగా, ఒకే తీరుగా సాగింది. లోయ అంచున దారి జానెడైన చోట కూడా కుండలో తొణుకు లేదు.

మబ్బుగూడలో మందు చూసే ముసలావిడ మూత తీసి వాసన చూసింది. నురగ మీద వేలు పెట్టి నాలుకకి రాసుకుంది. "బతికుంది" అంది. చుట్టూ నిలబడిన ఆడవాళ్లు అప్పటికప్పుడే కుండలు కడగడానికి పరిగెత్తారు.

ఇంతలో ఆ ముసలావిడ, "మరి దాలమ్మ రాలేదేటి? ఆవిడైతే వచ్చినప్పుడల్లా పాట పాడీది" అంది.

ఎంత ఎత్తు నుంచి ఎంత కిందకి పడ్డానో చెప్పలేను. ఇంత దారి వచ్చి, ఇంత జాగ్రత్తగా తెచ్చి, మళ్లీ దాలమ్మే. కళ్లెం బిగిసింది కాబోలు, బుల్లెమ్మ తాడు సగం పసుపు తిరిగింది. దాన్ని చూసి నాకే నవ్వొచ్చింది. ఇక నా కుళ్లు దాచుకునే వీలు కూడా లేదు, మెడలో కట్టుకుని ఊరేగుతున్నాను.

"రాదు. మంచాన పడలేదు గానీ ఇంక ఘాటీ ఎక్కలేదు" అన్నాను. "పాట నాకు రాదు. తగువైతే వొచ్చు." ఆడవాళ్లు నవ్వారు. తాడు మెల్లగా నీలానికొచ్చింది.

ఎనిమిది

నాయుడు గారూ, తిరిగొచ్చి మజిలీలో దిగకుండా నేరుగా కిందికి పోయినందుకు మీరు కోప్పడ్డారని గవరయ్య చెప్పాడు. కారణం ఇది. ఉప్పు బండి వానలకి ముందు ఆఖరిసారి పైకొచ్చేది ఆ పూటే. దాంట్లో దాలమ్మని ఎక్కించకపోతే ఆవిడ వానాకాలమంతా కిందే ఉండిపోతుంది. కట్టడి తీరిపోయిందన్న మాట ఆవిడకి వేరేవాళ్ల నోట చేరడం నాకిష్టం లేదు.

రెండో మజిలీ మలుపుకి ముందు ఆగాను. బుల్లెమ్మ చెవులు నిక్కాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే దాలమ్మ కనబడుతుంది. అప్పుడు తాడు ఏ రంగు తిరుగుతుంది?

నీలం తిరిగితే నా కడుపు మళ్లీ మండుతుంది, నాకు తెలుసు. నేను మారిపోయానని రాస్తే మీరు నమ్మరు. నీలం తిరక్కపోతే? కూననాటి నుంచి పెంచిన మనిషి. దీని కోసం ఇన్నాళ్లు కుయ్యిమనకుండా బతికిన మనిషి. ఆవిడ కళ్లు ముందు తాడు మీదే పడతాయి. అక్కడ పసుపు కనబడితే ఆవిడ మొహం ఎలా ఉంటుంది? అదే చూడాలని నేను ఇన్నాళ్లు దేవుళ్లకి మొక్కుకున్నాను. ఇప్పుడు ఆ మొహం చూడడం నా వల్ల కాదనిపించింది.

దిగి తాడు విప్పేశాను. చూడకుండా మడిచి నడుము దగ్గర చీర కుచ్చిళ్లలో దోపుకున్నాను.

దాలమ్మ కింది మజిలీ అరుగు మీద కూర్చుని కుండ తోముతోంది. మమ్మల్ని చూసి కర్ర కోసం తడుముకుంది. ముందు బుల్లెమ్మ మెడ చూసింది, తర్వాత నన్ను. నోటి మీద చెయ్యి పెట్టుకుని, మాట్లాడొచ్చా అని కనుబొమలతో అడిగింది.

"మాటాడొచ్చు అప్పా. మబ్బుగూడ ఎల్లొచ్చీసినాం. తోడు బతికున్నాది."

ఆవిడ గొంతు సవరించుకుంది. "తాడేదే, ఎర్నీ?" అంది. అదే మొదటి మాట.

"తెగిపోనాది."

నాచుతాడు తెగదు. దాలమ్మకి తెలుసు, మీకూ తెలుసు. నా నడుము వైపు ఒక్కసారి చూసి, "అవునౌను, ఈ మధ్య తాళ్లు అలగే వొత్తన్నాయి" అంది.

ఆ తర్వాత బుల్లెమ్మ చెవి పట్టుకుని మొదలుపెట్టింది. తుంటి నొప్పి గురించి, కాలు మీద పడిన కుండ గురించి, ఇక్కడి ఉప్పుచేప కూర గురించి, జోగమ్మ మజ్జిగ పులుపు గురించి. ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. నేను వాళ్లకి వీపు పెట్టి, లోయలో పడుతున్న మొదటి చినుకులు చూస్తూ నిలబడ్డాను. బుల్లెమ్మ చెవులు ఎటు తిరిగాయో, ఏం చేసిందో నేను చూడలేదు.

బండివాడు తొందరపెట్టాక, "రా అప్పా, పైన కుండలు తోమడానికి మనిసి లేదు" అన్నాను.

తాడు ఇప్పుడు నా చెమట తాగుతూ, నా కుచ్చిళ్లలో తడిగా, వెచ్చగా తగులుతూనే ఉంది. మజిలీ చేరాక వంటింట్లోకి పోయి, ఏ రంగు తిరిగిందో చూడకుండా పొయ్యిలో వేసేశాను. నాయుడు గారూ, తాడు తెగిపోయిందని రాసుకోండి. బుల్లెమ్మకి కొత్తది ఇవ్వండి.